వీధి పేరుకు తోక తీసేముందు ఒక కాగితం రాసిపెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

వీధుల పేర్లలో కులాన్ని చెప్పే మాటలు తీసేయాలని తమిళనాడు ప్రభుత్వం 2025 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. అప్పటి నుంచి చెన్నై తెలుగువాళ్లు నలుగురు కలిసిన చోటల్లా ఒకటే మాట: మన గుర్తులు చెరిపేస్తున్నారు. ఈ మాటతో మాకు పేచీ ఉంది. తోక, అంటే పేరు చివరి కులం మాట, తీసినంత మాత్రాన మనిషి పోడు. ఆయనెవరో, ఏ కాలం వాడో, ఆ వీధికి ఆ పేరు ఎలా వచ్చిందో రాసిన కాగితం లేకపోతే పోతాడు. గొడవ పడాల్సింది ఆ కాగితం గురించి. అది రాయాల్సింది వీధిలో ఉన్నవాళ్లే.

రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. జార్జిటౌన్‌లో సుంకురామ చెట్టి వీధి ఉంది. చివరి మాట తీస్తే సుంకురామ వీధి. ఏం పోయింది? ఏమీ పోలేదు. సుంకు ఇంటిపేరు, రామ మనిషి పేరు, రెండూ నిలిచాయి. ఆ పేరుగల వర్తకుడు 18వ శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీకి పెద్ద వ్యాపారి. 1734లో గవర్నరు జార్జి మోర్టన్ పిట్ ఆయన తోటనే తీసుకుని నేతపనివాళ్లను దించాడు. ఆ తోటే ఇవాళ్టి చింతాద్రిపేట. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట అని దాని అర్థం చెబుతారు.

ఇక త్యాగరాయ నగరులో జి.ఎన్. చెట్టి రోడ్డు. చివరి మాట తీస్తే జి.ఎన్. రోడ్డు. మిగిలింది రెండు పొడి అక్షరాలు. గోపతి నారాయణస్వామి అనే మనిషి అందులో లేడు. పదేళ్లు గడిస్తే జి.ఎన్. అంటే గాంధీ నగరా అని అడిగేవాళ్లు తయారవుతారు. కాబట్టి తోక తీయండి, అభ్యంతరం లేదు, కానీ తీసేముందు పొడి అక్షరాలు విప్పండి. విప్పిన పేరు బోర్డు మీదికి ఎక్కాకే తోక దిగాలి. ఈ వరస తప్పితే రెండో పని ఎప్పటికీ జరగదు. బోర్డు ఒకసారి కొత్తగా రాశాక మళ్లీ రాయడానికి డబ్బు ఎవరిస్తారు?

పొడి అక్షరాల నష్టం ఈ ఉత్తర్వుతో మొదలైందని అనుకోకండి. త్యాగరాయ నగరునే తీసుకోండి. పిట్టి త్యాగరాయ చెట్టి పేరది. అక్కడ చెట్టి అన్న మాట మొదటినుంచీ లేదు, ఆ తర్వాత బస్సు బోర్డు పుణ్యమా అని త్యాగరాయ కూడా పోయి టి. మిగిలింది. ఇవాళ అది పంచరత్న కీర్తనల త్యాగరాజస్వామి పేరని గట్టిగా వాదించేవాళ్లు మనవాళ్లలోనే ఉన్నారు. పక్కనే పానగల్ పార్కు. పానగల్ రాజా అంటే పానగంటి రామరాయణింగారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి). ఆ పార్కులో నడకకు వచ్చే తెలుగువాళ్లలో ఎందరికి ఇది తెలుసో మీరే అడిగి చూడండి.

ఇక్కడే ఇంకో చిన్న దిద్దుబాటు. త్యాగరాయ చెట్టి మద్రాసుకు మొదటి మేయరు అని తెలుగు సభల కరపత్రాల్లో అచ్చవుతూ ఉంటుంది. అది తప్పు. 1919 చట్టం కింద ఆయన కార్పొరేషన్‌కు అధ్యక్షుడు. అధికారి కాకుండా, ఎన్నికై ఆ కుర్చీ ఎక్కిన మొదటివాడు. మేయర్ అనే బిరుదు మళ్లీ వచ్చింది 1933లో, అప్పుడు ముత్తయ్య చెట్టియార్ ఆ పదవిలో కూర్చున్నారు. అంతకు ఎంతో ముందు, 1688 సెప్టెంబరు 29న కార్పొరేషన్ మొదలైనప్పుడు మేయరు నథానియెల్ హిగ్గిన్‌సన్. ఆయన కింది పన్నెండు మంది ఆల్డర్‌మన్లలో, అంటే నగర సభ పెద్దల్లో, కంపెనీ వర్తకుడు బేరి తిమ్మన్న తమ్ముడు చిన్న వెంకటాద్రి ఒకరు. తెలుగువాళ్లకు ఈ కార్పొరేషన్‌లో ఉన్న చోటు అంత పాతది. దానికోసం తప్పుడు బిరుదులు తగిలించాల్సిన అవసరం లేదు. ఒక తప్పు దొరికితే మిగతా పది నిజాలనూ పక్కన పడేయడానికి అధికారికి అదే సాకు.

కాగితం ఉంటే ఏమవుతుందో చెప్పడానికి కూడా త్యాగరాయ చెట్టి కాలమే ఉదాహరణ. 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు ఫలహారం పెట్టాలని కౌన్సిల్ తీర్మానం చేసింది, తలకు రోజుకు ఒక అణా మించకుండా. ఆ తీర్మానం దొరుకుతోంది కాబట్టే నూరేళ్ల తర్వాత 2022లో బడిపిల్లల ఉదయం ఫలహార పథకం మొదలైనప్పుడు ప్రభుత్వం దాన్ని గుర్తుచేసుకుంది. అణా లెక్క రాసిపెట్టిన గుమాస్తా ఎవరో తెలియదు, అతనికి దండం పెట్టాలి.

పేర్లు తీయకూడదు అనేవాళ్లు ఇంకో సంగతి చూడాలి. జార్జిటౌన్‌లో వీధికీ కులానికీ ముడి పడింది గౌరవం కోసమే కాదు. 1707లో గవర్నరు థామస్ పిట్ హయాంలో కుడిచేతి, ఎడమచేతి అని అప్పట్లో రెండు పక్షాలుగా ఉన్న కులాల మధ్య గొడవ ముదిరి, ఏ వీధి ఎవరిదో తేల్చాల్సి వచ్చింది. కోమట్లు, బలిజలు ఉన్న కుడిచేతి పక్షానికి పెద్దనాయకన్‌పేట, బేరిచెట్ల ఎడమచేతి పక్షానికి ముత్యాలపేట. ఎవరి పెళ్లి ఊరేగింపు ఎక్కడిదాకా పోవచ్చో గీసిన గీతలవి. ఆ గీత బోర్డు మీద ఉండి తీరాలని పట్టుబట్టడం మాకు సబబుగా తోచదు. రికార్డులో మాత్రం ఉండి తీరాలి.

పేరు పోయినా జనం నోట్లో నిలిచేవి ఉంటాయి. వాల్ టాక్స్ రోడ్డు అలాంటిది. 1760ల చివర్లో హైదర్ అలీ భయంతో నల్లపట్నం (బ్లాక్ టౌన్, ఇప్పటి జార్జిటౌన్) చుట్టూ గోడ కట్టించి, ఆ ఖర్చుకు ఊళ్లోవాళ్ల మీద పన్ను వేద్దామనుకున్నారు. పన్ను వసూలు కాలేదు, గోడను తర్వాత చాలావరకు కూల్చేశారు, రోడ్డుకు మాత్రం పన్ను పేరు మిగిలింది. ఇప్పుడు అధికారికంగా అది వ.ఉ.చి. (వ.ఉ. చిదంబరం) రోడ్డు. సెంట్రల్ స్టేషను దగ్గర ఆటోవాణ్ని అడిగితే వాల్ టాక్స్ అంటేనే తిప్పుతాడు. కొత్వాల్ చావడి హోల్‌సేల్ బజారు 1996లో కోయంబేడు వెళ్లిపోయినా ఆ చోటు కొత్వాల్ చావడే. అన్ని పేర్లకూ ఈ అదృష్టం ఉండదు. రైల్వే స్టేషను పక్క రోడ్డుకు ఉన్న బలం ఇరవై ఇళ్ల సందుకు ఉండదు.

సరే, కాగితం ఎలా రాయాలి. ఒక వీధికి ఒకే ఒక ఏ4 కాగితం, రెండు వైపులా. అంతకంటే పెద్దదైతే ఎవరూ చదవరు. పైన వీధి పేరు మూడు రూపాల్లో రాయండి: ఇప్పుడు బోర్డు మీద తమిళంలో ఉన్నట్టు, పాత దస్తావేజుల్లో ఇంగ్లీషులో ఉన్నట్టు, ఇంటిపేరుతో సహా తెలుగులో. కింద నిలువుగా గీత గీసి రెండు గడులు చేయండి. ఎడమ గడిలో ‘చూసింది’, కుడి గడిలో ‘విన్నది’. దస్తావేజులో, రాతి మీద, రిజిస్టరులో కంటితో చూసినదే ఎడమకు వెళ్లాలి, పక్కనే ఆ దస్తావేజు నంబరు, ఏడాది. తాతగారు చెప్పారు, గుడి పూజారి చెప్పారు అన్నవి కుడికి. ఈ గీత ఒక్కటి లేకే మన వీధి చరిత్రల్లో సగం పనికిరాకుండా పోతున్నాయి. విన్నది పారేయమని కాదు. విన్నదాన్ని చూసినట్టు రాయొద్దని.

ఎడమ గడి నిండాలంటే ముందు పట్టుకోవాల్సింది ఇళ్ల దస్తావేజులు. వీధిలో అన్నిటికంటే పాత ఇల్లు ఎవరిదో వాళ్ల దగ్గర మూల పత్రం ఉంటుంది. అందులో అమ్మినవాడు, కొన్నవాడు, సొమ్ము ఎంత అన్న పేజీలు మనకు అక్కర్లేదు, అడగొద్దు కూడా. అడిగితే తలుపు వేస్తారు. చివర ఉండే షెడ్యూలు చాలు. అందులో నాలుగు చెక్కుబందీలు ఉంటాయి: తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ వీధి. ఒక పక్క ‘ఫలానా వీధి’ అని ఉంటే ఆ ఏడాదికి ఆ పేరు వాడుకలో ఉన్నట్టు రుజువు. అలాంటి షెడ్యూళ్లు వేర్వేరు కాలాలవి మూడు దొరికితే పేరు ఎప్పుడు మారిందో దాదాపుగా బయటపడుతుంది.

షెడ్యూలులో అంకెలు కలగాపులగంగా ఉంటాయి. పాత చెన్నై దస్తావేజుల్లో ఓ.ఎస్. నంబరు అంటే పాత సర్వేది, ఆర్.ఎస్. అంటే రీసర్వేది, సి.సి. అంటే కలెక్టరు సర్టిఫికెట్టుది. ఇప్పటి రికార్డులో బ్లాకు నంబరు, టి.ఎస్. (టౌన్ సర్వే) నంబరు ఉంటాయి. ఇవన్నీ ఒకే స్థలానికే. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే పక్క వీధి చరిత్ర మన వీధికి అతుకుతుంది. కాగితంలో ఏ నంబరు రాసినా ముందు దాని అక్షరాలు తప్పక రాయండి. తలుపు నంబర్లు ఇంకా ప్రమాదం. చెన్నైలో ప్రతి గుమ్మానికీ పాతదొకటి, కొత్తదొకటి. ఉత్త ‘12’ అని రాస్తే అది ఏ పన్నెండో దేవుడికి తెలియాలి. ‘కొత్త 12, పాత 5’ అనే రాయాలి. పాత 12 ఇప్పుడు ఎక్కడుందో కూడా వీలైతే చేర్చాలి.

ఇంటివాళ్ల దగ్గర పత్రాలు లేకపోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. విల్లంగం సర్టిఫికెట్టు, అదే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్టు), ఆన్‌లైన్‌లో సాధారణంగా 1975 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే చేత్తో వెతికించాలి, దానికి వేరే అర్జీ. అక్కడ రెండు సూచికలు ఉంటాయన్నది చాలామందికి తెలియదు. మొదటి సూచిక మనుషుల పేర్లది, రెండోది స్థలాలది. వీధి చరిత్రకు కావాల్సింది రెండోది. కౌంటరులో ‘ఫలానా వారి పేరు మీద’ అని అడిగితే మొదటిదే తీస్తారు, పని జరగదు.

పేర్ల స్పెల్లింగు పెద్ద అడ్డంకి. నాయుడు, నాయక, నాయకన్, నాయక్కన్, నాయ్క్, ఇవన్నీ ఒకే మనిషికి ఒకే దశాబ్దంలో కనిపిస్తాయి. చివరి ‘న్’ తమిళం తగిలించింది, ఆ మనిషి తగిలించుకున్నది కాదు. ఇంకా వెనక్కి, కంపెనీవాళ్ల సెయింట్ జార్జి కోట రికార్డుల్లోకి వెళితే మరీ తమాషా. కాశీ వీరన్న అనే వర్తకుడు అక్కడ ‘కాసా వెరోనా’. ఇటలీలో ఊరనుకుని పేజీ తిప్పేసేవాళ్లుంటారు. తిమ్మన్న ‘తిమానా’, సుంకురామ ‘సుంకా రామా’. వెతికేముందు తెలుగు పేరును ఇంగ్లీషు చెవి ఎలా వింటుందో గట్టిగా పలికి చూసుకుని నాలుగైదు రకాలుగా రాసుకోవాలి. కాగితంలో పేరు ఎక్కించేటప్పుడు మాత్రం దొరికిన స్పెల్లింగును దొరికినట్టే ఉంచి, మనం అనుకునే తెలుగు రూపాన్ని పక్కన రాయాలి. సరిదిద్దేస్తే తర్వాత వచ్చేవాళ్లు ఆ పుట పట్టుకోలేరు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ప్రతి నాయకనూ తెలుగువాడు కాడు. ఈ ఊళ్లో వన్నియర్లూ నాయకర్లే. చెట్టి అనే మాట దేవాంగులకు, కోమట్లకు, బలిజలకు, తమిళ బేరిచెట్లకు, ఇంకా కొందరికి ఉమ్మడి. తోకను చూసి తెలుగు అని రాసేయడం, తోకను చూసి పేరు కొట్టేయడం, రెండూ ఒకే రకం బద్ధకం. ఇంటిపేరు దొరికితేనే, లేదా ఆ ఇంటివాళ్ల సంతకం తెలుగులో ఉంటేనే ఎడమ గడిలో రాయండి. పాత దస్తావేజుల్లో సంతకం చూడటం మరవొద్దు. పత్రమంతా ఇంగ్లీషులో ఉండి కింద సంతకం మాత్రం తెలుగులో ఉన్నవి ఎన్నో.

వార్డు నంబరు సంగతి. 1867 చట్టంలో ఊరు మొత్తానికి ఎనిమిది డివిజన్లు. 2011లో కార్పొరేషన్ 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెరిగినప్పుడు 155 వార్డులు 200 అయ్యాయి, పది జోన్లు పదిహేను. నంబర్లన్నీ కదిలిపోయాయి. కాబట్టి ఉత్త ‘59వ వార్డు’ అని రాయకూడదు, ఏ ఏడాది లెక్కలోనో పక్కన పెట్టాలి. శివారు మునిసిపాలిటీలు కలిశాక ఒకే పేరుగల వీధులు పదుల్లో తేలాయి. జోను, పేట, రెండు చివర్లా కలిసే వీధులు ఇవి రాయకపోతే కాగితం వేరే ఫైలులో పడుతుంది.

రాళ్లు. గుళ్లు, సత్రాలు, పాత బళ్ల గోడల్లో తెలుగు రాళ్లు ఇంకా ఉన్నాయి. సున్నం పెచ్చు కట్టి, పైన ఎనామెల్ పెయింటు. దయచేసి సుద్దముక్కతో రుద్దొద్దు, యాసిడ్ పోయొద్దు, వైర్‌బ్రష్ అసలు వద్దు. అక్షరం అంచు ఒకసారి అరిగితే ఇక రాదు. పొద్దుటి ఎండ పక్కనుంచి పడే వేళ ఫోటో తీయండి. ఎండ పడని చోటైతే చీకటి పడ్డాక టార్చిలైటును రాతికి ఆనించినట్టుగా పక్కన పెట్టి, నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫోటో. ఎదురుగా ఫ్లాష్ వేస్తే గాడి పూడిపోయినట్టు పడుతుంది, ఏమీ కనబడదు. పక్కన స్కేలు పెట్టడం మరవొద్దు.

ఆ రాళ్ల మీద తేదీ చదవడంలో తప్పులు ఎక్కువ. ఉత్త ‘ప్రభవ’ అని ఉంటే అది 1867 కావచ్చు, 1927 కావచ్చు, 1987 కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు. శాలివాహన శకం అంకె ఉంటే 78 కలపాలి. జనవరి నుంచి ఉగాది లోపు తేదీ అయితే 79. తమిళ సంవత్సరాల పేర్లూ మనవే, కానీ వాళ్లది ఏప్రిల్ నడుమ మొదలవుతుంది, మనది ఉగాదికి. ఆ మధ్య రోజుల్లో పడిన తేదీకి రెండు భాషల్లో రెండు సంవత్సరాల పేర్లు రావచ్చు, కంగారు పడనక్కర్లేదు. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఏడాది వస్తుంది, జులై 1 నుంచి లెక్క.

కాగితం తయారయ్యాక ఎవరికివ్వాలి? 2022 నిబంధనల ప్రకారం చెన్నైలో ప్రతి వార్డుకూ కమిటీ ఉంది, కౌన్సిలరు దానికి అధ్యక్షులు. వార్డును పది ఏరియాలుగా చేసి ఒక్కో దానికి ఏరియా సభ. ఆ సభకు వెళ్లి నోటితో చెప్పి వస్తే గాలికి చెప్పినట్టే. అర్జీ తమిళంలో ఉండాలి, తెలుగు ప్రతి వెనక జత చేయాలి. తెలుగులోనే ఇస్తాం అని పంతం పడితే కాగితం అక్కడే ఆగుతుంది, నష్టం వీధికి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మినిట్స్‌లో ‘వీధి చరిత్ర పత్రం అందింది’ అన్న ఒక్క వాక్యం రాయించండి. మనకు కావాల్సింది ఆ వాక్యమే. తర్వాత కౌన్సిల్‌లో పేరు మార్పు తీర్మానం వచ్చేటప్పుడు ఈ పత్రం ఎక్కడుందని అడగడానికి అదే ఆధారం.

మినిట్స్ ఇవ్వకపోతే సమాచార హక్కు అర్జీ. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు, 30 రోజుల గడువు, జవాబు రాకపోతే మొదటి అప్పీలు. అర్జీలు ఎక్కువగా తిరిగొచ్చేది ప్రశ్న తప్పు కావడం వల్ల. ‘ఈ వీధి పేరు ఎందుకు మార్చారు’ అని అడిగితే అభిప్రాయం చెప్పడం మా పని కాదంటారు. ‘ఫలానా వీధి పేరుకు సంబంధించిన కౌన్సిల్ తీర్మానం నంబరు, తేదీ, నకలు ఇవ్వగలరు’ అని అడగండి. అది వాళ్ల దగ్గర లేకపోతే ‘రికార్డు లేదు’ అని రాసిస్తారు. అదీ విలువైన కాగితమే, ఎడమ గడిలో పెట్టుకోవచ్చు. నకలు కాకుండా ఫైలు చూస్తామని కూడా అదే చట్టం కింద అడగవచ్చు. పాత ఫైళ్లకు అదే మేలు, ఎందుకంటే ఏ పుట కావాలో మనకే ముందు తెలియదు.

కాగితాలు దాచుకునే ఊరు ఎలా ఉంటుందో పోలికకు ఒకటి చెబుతాం. మనవాళ్ల పిల్లలు ఉద్యోగాలకు వెళ్లే అమెరికా ఇల్లినాయి రాష్ట్రంలో బ్లూమింగ్‌టన్ అని చిన్న ఊరుంది. అక్కడి పాత కోర్టు భవనం ఇప్పుడు ఆ జిల్లా చరిత్ర మ్యూజియం. దాన్ని నడిపే సంఘం పుట్టింది 1892లో. అమెరికా ఊళ్లకు అగ్గి బీమా కోసం గీసిన సాన్‌బోర్న్ పటాల్లో ఇటుక కట్టడం గులాబి రంగు, కర్ర కట్టడం పసుపు. బీమా కంపెనీ లాభం కోసం గీసినవి ఇవాళ వీధి చరిత్రకు పెన్నిధి. మన ఊరికి కార్పొరేషన్ 1688 నాటిది, వాళ్ల ఊరు అప్పటికి పుట్టనే లేదు. అయినా వీధి పుట్టుక అడిగితే వాళ్లు పటం తెచ్చి పరుస్తారు, మనం గుడి పూజారిని అడుగుతాం. తేడా వయసులో లేదు, దాచుకోవడంలో ఉంది.

ఇంతవరకూ చెప్పింది వర్తకుల, దొరల పేర్ల గురించే. ఈ ఊరిని ఊడ్చిన తెలుగువాళ్ల పేరు మీద వీధి లేదు. చెన్నై పారిశుధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే అరుంధతీయ, ఆది ఆంధ్ర కుటుంబాలు ఎన్నో, తరతరాలుగా అదే పనిలో. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల పనిని ప్రైవేటుకు ఇవ్వడాన్ని కాదని కార్మికులు కార్పొరేషన్ కార్యాలయమైన రిపన్ బిల్డింగ్ ముందు పదమూడు రోజులు కూర్చున్నారు. తెలుగు సంఘాల వేదికల మీద ఆ మాట పెద్దగా వినబడలేదు. వీధి చరిత్ర పత్రంలో ఈ కాలనీలకు కూడా ఒక్కో కాగితం ఉండాలి. వాళ్ల దగ్గర దస్తావేజులు ఉండవు, క్వార్టర్లు కార్పొరేషన్‌వి కనుక. వాళ్ల ఆధారాలు వేరు: సర్వీసు రిజిస్టరు, పెన్షను పుస్తకం, క్వార్టరు కేటాయింపు కాగితం, మస్టర్ రోల్ (హాజరు పట్టీ). మస్టర్ రోల్ ముందు పోతుంది, గడువు తీరగానే చెత్తకు వేస్తారు. పెన్షను పుస్తకం ఇంట్లో ఉంటుంది, అదీ పెన్షను తీసుకునే పెద్దావిడ ఉన్నన్నాళ్లే. ఉద్యోగంలో చేరిన తేదీ, సొంత ఊరు, చేరినప్పటి డివిజను నంబరు, ఈ మూడు ముక్కలు అక్కడి నుంచి రాసుకోవాలి. నెల్లూరు, గుంటూరు జిల్లాల ఊళ్ల పేర్లు ఆ గళ్లలో దొరుకుతాయి. తమిళ గుమాస్తా చెవికి విన్నట్టు రాసి ఉంటాయి, మళ్లీ గట్టిగా పలికి చూసుకోవాల్సిందే.

బళ్లూ ఇంతే. తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత తెలుగు మీడియం తరగతులు పలచబడ్డాయి. బడి మూతపడితే బెంచీలకు లెక్క ఉంటుంది, అడ్మిషన్ రిజిస్టరుకు ఉండదు. తండ్రి వృత్తి, చిరునామా, మాతృభాష, ఒక వీధిలో ఎవరు ఏ కాలంలో ఏం చేసి బతికారో ఆ రిజిస్టరు కంటే బాగా చెప్పేది లేదు. బడి విలీనం అవుతోందని తెలిసిన రోజే, రిజిస్టర్లు ఏ బడికి వెళ్తున్నాయో రాతపూర్వకంగా అడగండి. ఆర్నెల్లు ఆగితే చెదలు ముందు చేరతాయి. పిల్లల పేర్లు బయట పెట్టకుండా, వృత్తులూ ఏళ్లూ మాత్రమే పత్రంలోకి తీసుకోవాలి.

మీ పత్రికను కోరేది రెండు పనులు. చెన్నై పేజీలో వారానికి ఒక వీధి పత్రం అచ్చువేయండి, ‘విన్నది’ గడి తీసేయకుండా, రెండు గడులతోనే. అచ్చయ్యాక ఎవరో ఒకరు మా ఇంట్లో దస్తావేజు ఉంది అని రాస్తారు, అప్పుడు కుడి గడిలోది ఎడమకు మారుతుంది. రెండోది, మీ డెస్కులో కూర్చున్నవారికి చెప్పండి, ‘కాసా వెరోనా’ అని మేం రాసి పంపితే దాన్ని వీరన్న అని దిద్దవద్దని.

ఇట్లు,
పాత రికార్డులు తిరగేసే కొందరు పాఠకులు,
చింతాద్రిపేట, చెన్నై